నన్నారి గడ్డ ఎక్కడి నుంచి వస్తోందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ప్రతి వేసవిలో మీ పేపర్లో నన్నారి షర్బత్ మీద ఒక కథనం వస్తుంది, ఈ ఏడూ వచ్చింది. నంద్యాల, కర్నూలు, కడప బజార్లలో బండ్ల ఫొటోలు వేశారు, సోడా పోసి నిమ్మకాయ పిండి ఎలా కలుపుతారో రాశారు, ఒంటికి చలవ అన్నారు. చదవడానికి బాగుంది. కానీ అంత పెద్ద కథనంలో ఆ గడ్డ ఏ మొక్కదో, ఏ కొండల్లోంచి వస్తోందో, దాన్ని తవ్వుతున్నది ఎవరో ఒక్క లైను కూడా లేదు. ఆ తీగ మన అడవుల్లో ఏటేటా తగ్గిపోతోంది, మనం ఇష్టంగా తాగే ఈ షర్బతే దానికి ఒక పెద్ద కారణం. అందుకే ఉండబట్టలేక రాస్తున్నాను.

నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను. మాది నల్లమల అంచు ఊరు. చిన్నప్పటి నుంచీ ఈ తీగను చూస్తున్నవాడిని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఉత్తరం పొడవైతే మీకు తోచినంత కత్తిరించి వేయండి, కానీ తవ్వకం గురించి, కొనుగోలు గురించి రాసిన భాగం మాత్రం తీసేయొద్దని మనవి.

ముందు చాలామంది పడే గందరగోళం ఒకటి తేల్చాలి. నన్నారి అనగానే మనవాళ్లు సుగంధిపాల అనుకుంటారు. సుగంధిపాల వేరే మొక్క, దాని శాస్త్రీయ నామం హెమిడెస్మస్ ఇండికస్. సన్నటి తీగ, ఆకుల మీద తెల్లటి చారలుంటాయి, పొలం గట్ల మీద, కంచెల్లో, పొదల కింద ఎక్కడబడితే అక్కడ పాకుతుంది, వేరు కూడా సన్నగా ఉంటుంది. ఆయుర్వేదంలో శారిబ అంటే అదే. మన రాయలసీమలో షర్బత్‌కి ఎక్కువగా వాడేది అది కాదు. కొండల్లో చెట్ల మీదికీ బండల మీదికీ పాకే మరో తీగ గడ్డలు వాడతారు. మారేడు గడ్డలు, మారేడు కొమ్ములు, నన్నారి కొమ్ములు, బర్రెసుగంధి అని ప్రాంతాన్ని బట్టి అంటారు, పత్రి ఇచ్చే మారేడు చెట్టుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. శాస్త్రీయ నామం డెకాలెపిస్ హామిల్టోనై. కన్నడంలో మాకళి బేరు, తమిళంలో మాగాళి కిళంగు. మన చిత్తూరు వైపు తమిళ ఇళ్లలో ఈ గడ్డల్ని చెక్కు తీసి, లోపలి పుల్ల తీసేసి, ముక్కలు కోసి మజ్జిగలో ఊరగాయ పెడతారు. ఆ వాసన అలవాటు లేనివాళ్లు దగ్గరికి రారు, అలవాటైనవాళ్లు అది లేకుండా పెరుగన్నం తినరు.

ఈ తేడా ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, ఎవరితో ఈ విషయం ఎత్తినా "సుగంధి ఎక్కడైనా మొలుస్తుంది కదా, దానికేం కరువు" అంటారు. హెమిడెస్మస్ దేశంలో చాలాచోట్ల దొరుకుతుంది, నిజమే. డెకాలెపిస్ సంగతి అలా కాదు. ప్రపంచం మొత్తం మీద అది దక్షిణ భారతదేశంలో తప్ప అడవిలో సహజంగా ఇంకెక్కడా పెరగదు. మన నల్లమల, శేషాచలం, వాటి చుట్టుపక్కల కొండలు, కర్ణాటకలో, తమిళనాడులో ఇలాంటివే ఎండిన రాతి కొండలు, ఇవే దాని ఇల్లు. ప్రకృతి సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ తన ఎర్ర జాబితాలో దీన్ని అంతరించే ప్రమాదం ఉన్న జాతుల్లో పెట్టారు. షర్బత్ తాగుతున్న నూరుమందిలో ఒకరికైనా ఈ సంగతి తెలుసా అని నా అనుమానం, తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు.

అడవిలో దీన్ని చూడాలంటే కిందికి కాదు, పైకి చూడాలి. బండల సందులో మొదలుంటుంది, అక్కడి నుంచి పక్కనున్న చెట్టుని చుట్టుకుంటూ ఎండ తగిలేదాకా ఎక్కిపోతుంది. ఆకులు ఎదురెదురుగా, నున్నగా, మందంగా ఉంటాయి. కాండం గిల్లితే తెల్లటి పాలు కారతాయి, జిల్లేడు కుటుంబమే కదా. చిన్న చిన్న పూలు పూస్తుంది. కాయలు జంటగా కాస్తాయి, ఎండాక పగిలితే లోపలి గింజలకు పట్టులాంటి కుచ్చు ఉంటుంది, గాలికి లేచి ఎక్కడో పడతాయి. కానీ ఎన్ని గింజలు ఎగిరినా మొలిచేవి తక్కువ, మొలిచినవాటిలో వేసవి నిప్పుకీ మేకలకీ చిక్కకుండా నిలబడి చెట్టెక్కేవి ఇంకా తక్కువ. కొమ్మ నాటితే వేరు పోసుకోవడం కూడా ఆలస్యం, చాలావరకు పోసుకోదు. అంటే ఒక తీగ పోతే దాని చోట్లోకి ఇంకొకటి రావడం అంత సులువు కాదు. తవ్వకం గురించి మాట్లాడేటప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

గడ్డలు ఒక్కో మొదలు నుంచి గుత్తిగా నాలుగు వైపులకూ పోతాయి, బొటనవేలి లావు ఉండేవి, అంతకన్నా లావైనవి కూడా ఉంటాయి. పైన గోధుమ రంగు చెక్కు, లోపల తెల్లటి కండ, మధ్యలో గట్టి పుల్ల. వాసన ఆ కండలోనే. ఆ వాసనకు కారణం 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్ అనే పదార్థం. ఐస్‌క్రీముల్లో వాడే వెనిల్లాకు వాసన ఇచ్చే వెనిలిన్ ఉంది చూశారూ, దానికీ దీనికీ అణువులో ఉండే పరమాణువులు అన్నీ అవే, అమరిక మాత్రం వేరు. అందుకే నన్నారి వాసన చూస్తే వెనిల్లా ఎక్కడో తగులుతున్నట్టు ఉంటుంది. సూక్ష్మజీవుల్ని, పురుగుల్ని ఆపే గుణం కూడా ఈ గడ్డలకు ఉంది, నిల్వ ధాన్యానికి పట్టే పురుగుల మీద ఇది ఎలా పనిచేస్తుందో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు పరిశోధించి చూపించారు. అంటే షర్బత్‌తో ఆగే మొక్క కాదు ఇది. రేపు ఇంకే కంపెనీకో ఇంకే అవసరం కోసమో ఇది కావాల్సి వస్తే, అప్పుడు తవ్వకం ఇప్పటికన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇక తవ్వకం. తీగ కనపడగానే దాని మొదలు దగ్గర గడ్డపార వేస్తారు. వేర్లు బండ సందుల్లోకి దూరి ఉంటాయి కాబట్టి రాళ్లు లేపాలి, అవి లేపితే పక్క చెట్టు వేర్లు కూడా బయటపడతాయి. గుంత మోకాలి లోతు దాకా పోతుంది, ఒక్కోచోట ఇంకా లోతు. పెద్ద గడ్డలు, చిన్న గడ్డలు, చివరికి మొదలుతో సహా అన్నీ సంచిలోకి పోతాయి, పైన చెట్టు మీద తీగ వాడిపోయి వేలాడుతుంది. గుంత పూడ్చేవాళ్లు తక్కువ, తర్వాత వానకి ఆ మట్టి కొట్టుకుపోతుంది. నేను కాలేజీ పిల్లల్ని తీసుకెళ్లి ఈ తీగను చూపించిన చోట్లలో ఇప్పుడు కొన్నింట్లో గుంతలే ఉన్నాయి.

తవ్వేవాళ్లను తిట్టడానికి ఇది రాయడం లేదు, దయచేసి అలా అర్థం చేసుకోకండి. నల్లమలలో చెంచులు, చిత్తూరు, నెల్లూరు వైపు యానాదులు ఈ గడ్డలు తవ్వుతారు. ఎండాకాలంలో వేరే పని దొరకని రోజుల్లో ఈ గడ్డలే వాళ్లకు బియ్యం, ఉప్పు, పిల్లల మందులు. పైగా ఎలా తవ్వాలో వాళ్లకు తెలిసినంతగా నాకు కూడా తెలియదు. మా వైపు ఒక చెంచు పెద్దాయన పక్క వేర్లు రెండు మూడు మాత్రం తీసుకుని, మొదలు కదపకుండా మళ్లీ మట్టి కప్పి, పైన రాయి పెట్టి రావడం నేను చూశాను. "మొదలు తీస్తే మళ్లీ ఈ గట్టు ఎక్కేది దేనికి సారూ" అన్నాడాయన. మొదలు ఉంటే తీగ బతుకుతుంది, కొన్నేళ్లకు మళ్లీ వేర్లు ఊరతాయి. ఆవును అమ్ముకోకుండా పాలు పిండుకోవడం లాంటిది ఆ పద్ధతి.

మరి అది ఎందుకు పోతోందంటే, కొనే పద్ధతి వల్ల. వ్యాపారి తూకానికి కొంటాడు. సంచిలో పక్క వేరు ఉందా, మొదలు ఉందా అని చూడడు, కాటా మీద ఎంత ముల్లు తిరిగిందో అంతే. జాగ్రత్తగా తవ్వి, కొంచెం తీసుకుని, గుంత పూడ్చి వచ్చినవాడికి సగం సంచి, మొత్తం పెకిలించి వచ్చినవాడికి సంచి నిండా. ఇద్దరికీ కిలోకి ఒకటే రేటు. పొద్దుపోయేదాకా అడవిలో తిరిగి వచ్చిన మనిషికి ఏది లాభమో ఎవరైనా చెప్పగలరు. దానికితోడు నీళ్లు ఆరి గడ్డ బరువు తగ్గుతుందని తొందరపెట్టి పచ్చివి చౌకగా కొనేస్తారు. ఒకసారి మా ఊరి సంతలో ఒక వ్యాపారి దగ్గర బస్తాలు విప్పి చూస్తే సగానికి సగం మొదళ్లే ఉన్నాయి. షర్బత్‌కి మొదలు ఎందుకయ్యా, అది గట్టి కట్టె కదా అని అడిగితే, బరువుకి వచ్చింది సారూ, మేం ఏరుకుంటూ కూర్చోలేం అన్నాడు. అంటే ఆ మొదళ్లు చివరికి పారేసేవే. తీగ చచ్చిపోయింది, మొదలు ఎవరికీ పనికిరాలేదు. ఇంతకన్నా నష్టం ఇంకేముంటుంది?

ఇక్కడ ప్రభుత్వం చేసే పని సాధారణంగా ఏమిటంటే నిషేధం. అడవిలోకి రావద్దు, తవ్వొద్దు, సంచులు పట్టుకుంటాం. కృష్ణకు ఇటువైపు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, అటు తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం, రెండింట్లోనూ చెంచుల పెంటలున్నాయి, అంటే వాళ్ల గూడేలు, ఆంక్షలూ ఉన్నాయి. పులికి ప్రశాంతమైన అడవి కావాలి, నేను కాదనను. కానీ తవ్వకం నిషేధం అనగానే దొంగతనంగా తవ్వడం మొదలవుతుంది, దొంగతనంగా తవ్వేవాడికి తీరిక ఉండదు. గబగబా మొత్తం లాగేసి వెళ్లిపోతాడు, గుంత పూడ్చడం అటుంచి గడ్డపార కూడా వదిలేసి పరుగెత్తాలి. నెమ్మదిగా పక్క వేర్లు ఎంచి తీసే పద్ధతి హక్కు ఉన్నవాడే పాటించగలడు.

ఆ హక్కు చట్టంలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్ని సేకరించి అమ్ముకునే హక్కు ఆదివాసీలకు ఇచ్చింది, ఆ ఉత్పత్తుల నిర్వచనంలో వేర్లు, దుంపలు అని స్పష్టంగా రాసి ఉంది. అదే చట్టం అడవిని, అందులోని జీవవైవిధ్యాన్ని కాపాడుకునే అధికారం కూడా గ్రామసభకు ఇచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య కమిటీలు ఉండాలి, ఏ మొక్క ఎక్కడ ఉందో రిజిస్టర్ రాయాలి. ఈ రెండు చట్టాల్నీ కలిపి వాడితే చాలు. ఈ ఏడు ఈ గట్టు, వచ్చే ఏడు ఆ గట్టు అని గ్రామసభ నిర్ణయించుకోవచ్చు, గింజలు ఎగిరిపోయాకే తవ్వాలని కట్టుబాటు పెట్టుకోవచ్చు. బయటి నుంచి లారీల్లో దిగే ముఠాల్ని ఆపే అధికారం కూడా అప్పుడు ఊరివాళ్లకే ఉంటుంది.

శేషాచలంలో ఎర్రచందనం పక్కపక్కనే ఈ తీగ కూడా పెరుగుతుంది. ఎర్రచందనానికి ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ ఉంది, చెక్‌పోస్టులున్నాయి, ఒక దుంగ దొరికితే మీ పేపర్లో ఫొటో వస్తుంది. నన్నారికి తుపాకులు, టాస్క్‌ఫోర్సులు కావాలని నేను అనడం లేదు, అస్సలు వద్దు. ఆ రెండూ అదే కొండల సంపద, దక్షిణ భారతదేశం దాటితే అడవిలో సహజంగా దొరకనివి, ఒకదాని గురించి రోజూ వార్త, ఇంకోదాని పేరు కూడా రాయం అనేదే నా బాధ.

ఏం చేయొచ్చో నాకు తెలిసినంతలో చెబుతాను. గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, 1956 నుంచి ఆదివాసీల దగ్గర అటవీ ఉత్పత్తులు కొంటోంది, సొంతంగా నన్నారి షర్బత్ కూడా అమ్ముతోంది. కొనేది, తయారు చేసేది, అమ్మేది ఒకే సంస్థ అయినప్పుడు మార్పు అక్కడి నుంచి మొదలుపెట్టడం తేలిక. డిపోలో కాటా పెట్టే ముందు గడ్డలు నేల మీద పోసి చూడాలి. మొదలు ఉన్న గడ్డలు కొనబోమని ముందే చెప్పాలి, పక్క వేర్లకు మాత్రం ఇప్పటికన్నా బాగా ఎక్కువ రేటు ఇవ్వాలి. మొదట్లో సంచులు తగ్గుతాయి, దానికి తగ్గట్టు రేటు పెంచకపోతే ఈ పద్ధతి ఒక్క సీజన్ కూడా నిలవదు, అది కచ్చితంగా చెప్పగలను. ప్రైవేటు వ్యాపారులు వెంటనే మారరు, కానీ ఎక్కువ రేటు ఒకచోట దొరికితే తవ్వేవాళ్లు అటే పోతారు.

రెండోది సాగు. ఇది పొలంలో పెరగని మొక్క కాదు. నీరు నిలవని గరప నేల, పాకడానికి ఒక చెట్టో కంచో ఉంటే పెరుగుతుంది, గట్ల మీద ఉన్న వేప, కానుగ చెట్లకు పాకించుకోవచ్చు. ఇబ్బంది నారు దగ్గరే, గింజ సరిగా మొలవదు, కొమ్మ సరిగా అంటుకోదు అని ముందే చెప్పాను కదా. దానికి టిష్యూ కల్చర్ పద్ధతులు, అంటే మొక్క నుంచి తీసిన చిన్న ముక్కతో ల్యాబ్‌లో కొత్త మొక్కల్ని పెంచే పద్ధతులు, ప్రయోగశాలల్లో సిద్ధమై 20 ఏళ్లు దాటింది. అవి పరిశోధన పత్రాల్లో ఉన్నాయి, మా మండలంలో ఏ నర్సరీలోనూ లేవు. అరటికి, వెదురుకి టిష్యూ కల్చర్ మొక్కలు రైతు గడప దాకా తెచ్చినవాళ్లు దీనికి తేలేరా? చేతికి రావడానికి కొన్నేళ్లు పడుతుంది కాబట్టి రైతు ఒక్కడే ఆ భారం మోయలేడు, మొదటి ఏళ్లలో సాయం ఇవ్వాలి. అటవీ శాఖ నర్సరీల్లో టేకు, నీలగిరి మొక్కల పక్కన ఒక మడి నన్నారికి ఇస్తే పోయేదేమీ లేదు. కానీ సాగు వచ్చేసింది కదా అని చెంచుల్ని పక్కకు నెట్టేయకూడదు, పెంటల దగ్గరే, వాళ్ల చేతుల మీదుగానే కొన్ని నర్సరీలు నడిపితే గింజ ఎప్పుడు కోయాలో, ఎలాంటి చోట నాటాలో వాళ్లే బాగా చెబుతారు.

మూడోది సీసా మీద లేబుల్. నేను షాపుల్లో తిరగేసి చూశాను, కొన్నింటి మీద నన్నారి వేరు అని ఉంటుంది, కొన్నింటి మీద ఎసెన్స్ అని ఉంటుంది, కొన్నింటి మీద సుగంధి అని ఉండి లోపల ఏముందో తెలియదు. ఏ మొక్క వేరు, అడవిదా సాగుదా అన్న రెండు మాటలు అచ్చు వేయడానికి పెద్ద ఖర్చు కాదు. అలా వేసిన సీసాకు పది రూపాయలు ఎక్కువ ఇచ్చి కొనేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు, హైదరాబాదులో ఉన్నారు, అమెరికాకు సూట్‌కేసులో పెట్టుకుపోయే పిల్లలు కూడా ఉన్నారు. నిజం చెప్పి అమ్మితే గిట్టుబాటు కాదు అనే మాట నేను నమ్మను.

షర్బత్ మానేయమని ఎవరికీ చెప్పను. మే నెల ఎండలో ఒక గ్లాసు నన్నారి విలువేమిటో మా వైపు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, బండి మీద బతికే కుటుంబాలు కూడా ఎన్నో ఉన్నాయి. వాళ్ల వ్యాపారం పదేళ్ల తర్వాత కూడా ఉండాలన్నా తీగ ఉండాలి కదా. అది పోతే మిగిలేది రంగు నీళ్లు, ఎసెన్సు. ఇప్పటికే కొన్ని బండ్ల దగ్గర అదే తాగుతున్నాం, వాసన చూస్తే తెలిసిపోతుంది.

మీకు నా విన్నపం ఇది. వచ్చే సీజన్లో మళ్లీ నన్నారి కథనం వేయండి, తప్పకుండా వేయండి. కానీ ఆ రిపోర్టర్‌ను బండి దగ్గరికే కాకుండా గడ్డలు కొనే చోటికి కూడా పంపండి, బస్తా విప్పించి మొదళ్లు ఎన్ని ఉన్నాయో చూడమనండి, తవ్వినవాళ్లకు కిలోకి ఎంత ముట్టింది, అవే గడ్డలు పట్నంలో ఎంతకు అమ్ముడయ్యాయి అని అడగమనండి. ఆ రెండు రేట్లూ పక్కపక్కన వేయండి. అటవీ శాఖ వాళ్లను, జీసీసీ వాళ్లను, జీవవైవిధ్య మండలి వాళ్లను మొదలు లేని గడ్డలే కొంటారా అని సూటిగా అడిగి, వాళ్లు చెప్పిన జవాబు యథాతథంగా అచ్చు వేయండి. తీగను గుర్తుపట్టడానికి, కొండల్లో చూపించడానికి మనిషి కావాలంటే నేను వస్తాను, మా చెంచు మిత్రులు కూడా వస్తామన్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బోటనీ లెక్చరర్,
నంద్యాల జిల్లా